ఆపదకు ముందే ఆసరా: గంజాం తీరం చెప్పే చరిత్ర

డెబ్బయి ఐదేళ్ల విద్యాప్రస్థానాన్ని నెమరువేసుకొంటున్న ఈ శుభవేళ, మన చుట్టూ ఉన్న సమాజం ఆపదలను ఎట్లు ఎదుర్కొన్నదో కూడ తలచుకొనుట సముచితం. మన బరంపురానికి గోపాలపురం సముద్రతీరం సుమారు 15 కిలోమీటర్లు. ఆ సముద్రమే మన జాలరుల అన్నదాత, ఆ సముద్రమే మన తుపానుల పుట్టిల్లు. దానగుణానికి ఈ నేలపై ఏనాడూ కొరత లేదు. కాని దానం వేళకు అందవలెనంటే ముందుచూపు కావాలని మన చరిత్ర పదే పదే చాటుతున్నది.

1866 నాటి ఒడిశా మహాక్షామం ఇందుకు తొలి సాక్ష్యం. ఆనాడు గంజాం మద్రాసు రాజధానిలో భాగం. కరవు ఇక్కడికీ పాకింది. వానలు కురియక పంటలు పోయినా, దేశంలో ధాన్యం నిల్వలు చాలినంత ఉన్నవని పాలకులు భ్రమించారు. నిజం తెలిసి బియ్యం తెప్పించబోయేసరికి వర్షకాలం వచ్చి, ఓడలు రేవులను చేరుట దుర్లభమైనది. సుమారు పది లక్షల మంది మరణించారని చరిత్రకారుల అంచనా. ఆలస్యం ఎంత ఘోరమైన హంతకియో ఆ క్షామం నిరూపించింది.

స్వచ్ఛంద సేవ చరిత్రలో 1971 మరొక మైలురాయి. ఆ ఏడాది అక్టోబరు చివర ఒడిశా తీరాన్ని తుపాను ధ్వంసం చేసినప్పుడు, జో మడియత్ నాయకత్వాన మద్రాసు నుండి విద్యార్థి సేవకులు తరలివచ్చారు. అన్నవస్త్రాలు పంచి అందరూ తిరిగిపోలేదు. కొందరు ఇక్కడనే నిలిచిపోయారు. వారి కృషి నుండి 1979లో ‘గ్రామ వికాస్’ సంస్థ అవతరించి, మన బరంపురం సమీపాన మొహుదా కేంద్రంగా పనిచేస్తూ వచ్చింది. సహాయం ఒకనాటి పంపకంతో ముగియరాదని ఆ యువకులు ఆచరించి చూపారు.

1999 అక్టోబరు మాసాన్ని ఒడిశా ఎన్నటికీ మరువదు. 17-18 తేదీలలో మన గంజాం తీరాన్ని ఒక తుపాను దెబ్బ తీసింది. ఆ గాయం మానకముందే 29న పారాదీప్ సమీపాన మహాతుపాను విరుచుకుపడింది. గంటకు 260 కిలోమీటర్ల గాలులు, అయిదారు మీటర్ల ఉప్పెన జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని ఎరసమ ప్రాంతాన్ని ముంచివేశాయి. సుమారు పదివేల మంది అసువులు బాశారు. ఆ చీకటిలోనూ ఒక వెలుగు ఉన్నది. రెడ్‌క్రాస్ సంస్థ అంతకు ముందే ఒడిశా తీరాన నిర్మించిన 23 తుపాను ఆశ్రయాలు వేలాది మందిని కాపాడాయి. ముందుగా కట్టిన గోడల విలువ ఆనాడు లోకానికి తెలిసింది.

ఆ పాఠం వృథా పోలేదు. అదే సంవత్సరం ఒడిశా ప్రభుత్వం విపత్తుల నివారణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. నేడు రాష్ట్రంలో ఎనిమిది వందలకు పైగా ఆశ్రయ భవనాలు ఉన్నాయి. వాటిలో అనేకం మామూలు రోజులలో పాఠశాలలు. వాటి నిర్వహణను గ్రామస్థుల సంఘాలే చూస్తాయి. ప్రథమ చికిత్స, రక్షణ, ఆశ్రయ నిర్వహణలలో స్త్రీలు, పురుషులు తర్ఫీదు పొందుతారు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం వద్దనే తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లకు మించింది. ఇళ్లు, తోటలు, విద్యుత్ స్తంభాలు నేలకూలాయి. అయినా దాదాపు పది లక్షల మందిని ముందే తరలించినందున, ఒడిశాలో మృతుల సంఖ్య యాభైకి లోపే ఉన్నది. ఈ తుపాను ఉధృతి, ఉప్పెన 1999 నాటి వాటికంటె తక్కువ అన్నది నిజమే. కాని అంతటి తేడాకు ముందస్తు ఏర్పాటే ప్రధాన కారణమనుటలో సందేహం లేదు.

సేవాసంస్థల మధ్య పొందిక కూడ అంతే ముఖ్యం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళనాడులో దాతలు పంపిన పాత బట్టలు వీధుల వెంట గుట్టలుగా పడి ఉన్నాయి. అడగని వస్తువు సహాయం కాదు, భారం. అదే సమయంలో నాగపట్నంలో స్వచ్ఛంద సంస్థలు ఒక సమన్వయ కేంద్రాన్ని ఏర్పరచి, ఎవరికి ఏమి అవసరమో తెలుసుకొని, జిల్లా అధికారులతో కలిసి పని పంచుకొన్నాయి. ఇది అనుకరణీయం.

తెలుగువారమైన మనకు గర్వకారణమైన మాట మరొకటి ఉన్నది. 2020 ఆగస్టులో యునెస్కో ‘సునామీకి సిద్ధమైన గ్రామాలు’గా భారతదేశంలో తొలిసారి గుర్తించిన రెండు పల్లెలు ఒడిశావే. వాటిలో ఒకటి మన గంజాం జిల్లాలోని వెంకటరాయిపూర్. ఈ తీరపు నోలియా జాలరుల ఇంటి భాష తెలుగు. హెచ్చరిక ఎంత వేగంగా వచ్చినా, వినేవారికి అర్థం కాని భాషలో ఉంటే అది గాలిమాటయే. ఇక్కడనే తెలుగు పాఠశాల బాధ్యత ఆరంభమవుతున్నది. ఒరియా ప్రకటన చదివి, ఇంట అవ్వకు తెలుగులో వివరించగల బాలిక ఆ కుటుంబానికి పెద్ద రక్ష.

కావున పూర్వ విద్యార్థులకు, సంఘ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. తుపానుల ఋతువు రాకముందే, ప్రతి వీధిలో నడవలేని వృద్ధులు, గర్భిణులు, ఒంటరివారు ఎవరో వ్రాసి ఉంచుకొందాం. పాఠశాల తాళపుచెవులు రాత్రివేళ ఎవరి వద్ద ఉంటాయో పదిమందికీ తెలియజేద్దాం. తాగునీరు, దీపాలు, మందులు, బియ్యం నిల్వ బాధ్యతను పేరు పేరునా పంచుకొందాం. ఏటా అక్టోబరు 29న ఒడిశా జరుపుకొనే విపత్తు సన్నద్ధతా దినాన మన బాలబాలికలచేత ఈ ఏర్పాట్లన్నీ అభ్యాసం చేయిద్దాం. ఆపదలో ఆదుకొన్నవాడే ఆప్తుడని పెద్దలంటారు. ఆపదకు ముందే సిద్ధపడినవాడు అంతకంటె ఆప్తుడు.