రాజుగారి శవం, మన ముందు పన్ను

మార్చి 20 ప్రపంచ నోటి ఆరోగ్య దినం. ఆ వారం అనుబంధానికి పళ్ల మీద ఏదో ఒకటి కావాలని ఎడిటర్‌గారి హుకుం. బ్రష్ ఎలా పట్టుకోవాలో చెప్పేవాళ్లు ఎలాగూ బోలెడుమంది ఉంటారు. మనం మాత్రం రూట్ కెనాల్ అయ్యాక నల్లబడ్డ పన్ను సంగతి చూద్దాం.

పళ్ల రంగు గోల పాతదే. మూత్రంతో పళ్లు తోముకుంటాడని ఎగ్నేషియస్ అనే ఆసామిని రోమన్ కవి కేటలస్ దులిపి పారేశాడు. మన దక్కన్‌లోనేమో అందం కోసం మిస్సీ పొడి రుద్ది కావాలనే పళ్లు నల్లబరచుకునేవారు. మధ్యలో శతాబ్దాలకు శతాబ్దాలు దాటేసి సరాసరి పారిస్ వెళ్దాం. అసలు రుచి అక్కడుంది.

1820 ప్రాంతం. పశువుల పేగులు శుభ్రం చేసి వాయిద్యాలకు తంత్రులు తీసే కార్ఖానాల చుట్టుపక్కల ముక్కు మూసుకోనిదే నడవలేరు. కుళ్లబెట్టకుండా పేగు పొర ఊడదీసే ఉపాయం చెప్పినవారికి బహుమతి ఇస్తామని అక్కడి పరిశ్రమల సంఘం ప్రకటించింది. గుడ్డలు తెల్లబరిచే క్లోరిన్ మందుతోనే లాబరాక్ అనే ఫార్మసిస్టు ఆ పని సాధించి బహుమతి కొట్టేశాడు. 1824 సెప్టెంబరులో పద్దెనిమిదో లూయీ రాజు పోయాడు. బతికుండగానే ఒళ్లు కుళ్లిపోయిన మనిషి. దగ్గరికెళ్లడానికి పరివారమే జంకుతుంటే లాబరాక్‌ను పిలిపించారు. పేగుల కంపు వదిలించిన మందే రాజుగారి కంపూ వదిలించింది. చావులో ఇంతటి సమానత్వం మరే మందూ చూపించి ఉండదు!

ఆ మందే తర్వాత అమెరికా దంతవైద్యుల చేతికొచ్చింది. 1864లో ట్రూమన్ బ్లీచింగ్ పౌడరు జాతి మందుకు ఎసిటిక్ ఆమ్లం కలిపి, పుట్టిన క్లోరిన్‌తో నరం చచ్చిన పన్నును తెల్లబరిచాడు. లాబరాక్ ద్రావణాన్నే పంట్లో పెట్టినవారూ ఉన్నారు. రూట్ కెనాల్ చేసేటప్పుడు డాక్టరు సిరంజితో కొట్టే సోడియం హైపోక్లోరైట్ కూడా ఆ ద్రావణం వారసురాలే.

ఇంతకీ పన్ను నల్లబడేదెందుకు? దెబ్బ తగిలితే పంటి లోపల రక్తం చిమ్మి, ఎనామిల్ కింది పొర అయిన డెంటిన్‌లోని సన్నటి గొట్టాల్లోకి ఇంకుతుంది. అందులోని ఇనుము గంధకంతో కలిసి నల్లబడుతుంది. సరిగా తీయని నరం తునక, పైభాగంలో మిగిలిపోయిన సిమెంటు కూడా రంగు తెస్తాయి. మరక లోపలుంటే పైపైన బొగ్గుపొడి, నిమ్మకాయ రుద్ది ఏం లాభం?

ఇక్కడి నుంచి కథ చిక్కుపడుతుంది. 1961లో స్పాసర్ సోడియం పర్‌బోరేట్‌ను నీళ్లతో కలిపి పంట్లో మూసిపెట్టాడు. 1963లో నటింగ్, పో నీళ్ల బదులు గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపారు. మందు పంట్లో ఉండగానే రోగి తిరుగుతుంటాడు గనక 'వాకింగ్ బ్లీచ్' అన్నారు. పన్ను వెనక కన్నం తెరిచి, వేరులో నింపిన గట్టాపెర్చాను చిగురు అంచుకు కాస్త కిందికి తీసి, మందు కిందికి కారకుండా దాని మీద సిమెంటు అడ్డుగోడ కట్టి, తడి ఇసుకలాంటి ముద్ద కూరి మూసేస్తారు. కొద్దిరోజులకోసారి మారుస్తారు. ఆ అడ్డుగోడ ఎందుకో 1979లో బాగా తెలిసొచ్చింది: బ్లీచింగ్ చేసిన పళ్లలో కొన్నింటికి చిగురు దగ్గర వేరు కరిగిపోవడాన్ని హారింగ్టన్, నాట్కిన్ బయటపెట్టారు. పెరాక్సైడ్‌కు వేడి పెట్టే పద్ధతిని అప్పటినుంచి అనుమానంగానే చూస్తున్నారు. ఇంకోపక్క పర్‌బోరేట్ మీద ఐరోపాలో ఆంక్షలొచ్చాయి.

మన దగ్గర బ్లీచింగా, పైన అతికించే పల్చని వెనీరా, తొడిగే క్రౌనా అంటే ఒక్కో డాక్టరుది ఒక్కో మాట. పన్ను గట్టిగా ఉంటే ముందు బ్లీచింగ్ అడగడమే నయమని నా మాట. క్రౌన్‌కైతే పన్ను చుట్టూ అరగదీయాలి. ముద్ద తీసేశాక వారం, రెండు వారాలు ఆగి కాంపోజిట్ నింపుతారు, లోపల ఆక్సిజన్ మిగిలి ఉంటే కాంపోజిట్ సరిగా అంటుకోదు. కొన్నేళ్లకు పన్ను మళ్లీ నల్లబడితే, వెనక ఆ కన్నమే మళ్లీ తెరుస్తారు.