ఇంటిపేరు, వై క్రోమోజోమ్: తండ్రి వరస కథ

గుడివాడ నుంచి పామర్రు మీదుగా దివిసీమకు వెళ్తుంటే కూచిపూడి తగులుతుంది. అక్కడి భాగవతుల ఆస్తి పంపకాల మీద 1763లో రాసుకున్న పత్రంలో పదిహేను కుటుంబాల ఇంటిపేర్లున్నాయి. తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరు వచ్చినట్టే వై క్రోమోజోమ్ కూడా దాదాపు మార్పు లేకుండా వస్తుంది. ఒక్కటే తేడా: దత్తత పోతే ఇంటిపేరు మారుతుంది, వై మారదు.

ఈ వైని చదివే విద్యకు నలభై ఏళ్ల చరిత్ర. 1985లో బ్రిటన్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని ప్రకటించాడు. ఆ దశాబ్దంలోనే హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ మన దేశానికి సొంత పద్ధతి తయారుచేశారు. 1992లో జర్మన్ శాస్త్రవేత్తలు వై మీది డీవైఎస్19 మార్కర్‌ను వివరించారు. అక్కడ నాలుగక్షరాల తునక వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకరిలో 14 సార్లు ఉంటే మరొకరిలో 16 సార్లు. ఇలాంటివే ఎస్టీఆర్ మార్కర్లు. 2000లో అమెరికాలో ఫ్యామిలీ ట్రీ డీఎన్ఏ సంస్థ 12 మార్కర్ల పరీక్షను మామూలు జనానికి అందించింది.

ఈ అంకెలు దాయాదులను పోల్చడానికి చక్కగా పనికొస్తాయి. వేల ఏళ్ల నాటి పితృశాఖను, అంటే హాప్లోగ్రూపును, ఖాయం చేసేది మాత్రం ఎస్ఎన్‌పీ. అది ఒక్క అక్షరంలో వచ్చిన, అరుదుగా తప్ప మళ్లీ జరగని మార్పు. 2002లో ఈ శాఖలకు ఎ నుంచి ఆర్ వరకు 18 అక్షరాలతో ఉమ్మడి పేర్లు పెట్టారు. ఎస్టీఆర్ అంకెలు ఏ శాఖలో ఎంత తరచుగా కనిపిస్తాయో లెక్కగట్టి, శాఖను ఊహించే పద్ధతిని 2005లో విట్ ఏథీ ప్రచురించాడు.

ఈలోగా తెలుగునేల కూడా లెక్కలోకొచ్చింది. 2001లో ఆంధ్రప్రదేశ్‌లోని కులాలు, తెగలు, సిద్దీల వై క్రోమోజోమ్‌ల మీద అధ్యయనం వెలువడింది. 2003లో చెంచులు, కోయల మీద మరొకటి వచ్చింది. ఉత్తరాది అగ్రవర్ణాల గుర్తుగా చాలామంది చెప్పుకునే ఆర్1ఎ శాఖ నల్లమల చెంచుల్లోనూ కనిపించింది. హాప్లోగ్రూపు కులధ్రువీకరణ పత్రం కాదని తేలిపోయింది.

ఎస్టీఆర్ అంకెలతో శాఖను ఊహించడంలో రెండు చిక్కులున్నాయి. వేర్వేరు శాఖల్లో అవే అంకెలు యాదృచ్ఛికంగా రావచ్చు. పోల్చే నమూనాల్లో ఐరోపావే ఎక్కువైతే మనవాళ్ల శాఖ తప్పుగా తేలవచ్చు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు దిగిన బందరు లాంటి పాత రేవులో, ఊరి పేరు చూసి శాఖ చెప్పడం అంతకన్నా సాహసం.

అందుకే మార్కర్ల జోస్యం వచ్చాక ఎస్ఎన్‌పీతో సరిచూసుకోవాలి. ఆడపిల్లలకు వై ఉండదు కనుక తండ్రినో అన్నదమ్ములనో అడగాలి. అన్నీ సరిపోయినా ఒకటి గుర్తుంచుకోవాలి: పది తరాల వెనక మనకు 1,024 పూర్వీకుల స్థానాలుంటే, వై చెప్పేది అందులో ఒక్కదాని గురించే.