మదనపల్లె సీమలో స్త్రీల సంఘములు

ఈ శతవార్షిక సంచికలో పెద్దలు దేవాలయముల కట్టడమును గూర్చియు, పాఠశాలలను గూర్చియు, మిషనరీ దొరలను గూర్చియు విపులముగా వ్రాసియున్నారు. కలకడ వైపు గ్రామ సంఘముల తరఫున ఒక వ్యాసము వ్రాయుమని మమ్మును కోరినప్పుడు, ఎవరును ముట్టని విషయము ఒకటి మిగిలియున్నదని మాకు తోచినది. అది స్త్రీల సంఘముల చరిత్ర. ఆదివారము గుడి ఊడ్చి చాపలు పరచువారెవరు, జబ్బుపడినవారి యింటికి మొదట నడిచిపోవువారెవరు, పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి వేరే కుండలో వేయువారెవరు అని అడిగినచో ఏ సంఘమునందైనను ఒకే జవాబు వచ్చును. అయినను సంఘ చరిత్ర పుస్తకములలో వారికి అరపుట దొరకుట కష్టము. వేదశాస్త్ర కళాశాలలో మేము చదివిన పుస్తకములును ఇందుకు భిన్నము కావు.

ఈ కథ మన ఊళ్లలో గాక న్యూయార్కు పట్టణములో మొదలగుచున్నది. 1875లో ఆ పట్టణమున రెండు సంస్థలు పుట్టినవి. ఒకటి అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘమునకు చెందిన స్త్రీల విదేశ మిషను బోర్డు. రెండవది దివ్యజ్ఞాన సమాజము. వీటికి ఒకదానితో ఒకటి సంబంధము లేదు సరిగదా, ఒకదానికొకటి గిట్టదు కూడ. అట్టివి రెండును సముద్రములు దాటి వచ్చి మన మదనపల్లెలో ఇరుగుపొరుగులైనవి.

మొదటిదానిని గూర్చి మనవారికి కొంత తెలియును. స్కడ్డరు సోదరులు 1853లో ఆర్కాటు మిషనును ఏర్పరచిరి. 1863లో జేకబ్ ఛాంబర్లేన్ దొరగారు మదనపల్లెకు వచ్చి పని ప్రారంభించిరి. అప్పటికి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలో ఉండెను; చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. దొరల పేర్లు రాళ్ల మీద చెక్కబడియున్నవి. కాని వారి వెనుక డబ్బు కూర్చినవారిలో చాలమంది అమెరికాలోని సామాన్య గృహిణులు. ఒక్కొక్క ఊరి సంఘములో స్త్రీలు ఒక శాఖగా ఏర్పడి, ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లర నాణెములు చేర్చి బోర్డుకు పంపుచు వచ్చిరి. ఆ డబ్బుతో బాలికల పాఠశాలలు నడచినవి, ఇల్లిల్లు తిరుగు బైబిలు స్త్రీలకు జీతములు ముట్టినవి, పెండ్లికాని స్త్రీలు ఉపాధ్యాయినులుగాను డాక్టర్లుగాను ఇక్కడికి వచ్చిరి. డాక్టరు లూయిసా హార్ట్ దొరసానిగారు అట్లు వచ్చినవారే. 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి తెరువబడినది. నేటికిని మనవారు దానిని మిషను ఆసుపత్రి అనియే పిలుచుచున్నారు. మగ డాక్టరు చేయి పట్టి నాడి చూచుట కూడ ఒప్పుకొనని కుటుంబములు ఆనాడు ఎన్నో. వేలూరు డాక్టరు ఐడా స్కడ్డరు అమ్మగారు ఒకే రాత్రి ముగ్గురు తల్లులు అట్లు చనిపోగా చూచి వైద్యము నేర్చుకొన్న సంగతి మన పిల్లలు కూడ ఎరుగుదురు.

ఇక రెండవది. దివ్యజ్ఞాన సమాజము 1882లో మద్రాసు అడయారులో తన కేంద్రమును నెలకొల్పెను. ఆ సమాజపు ఊరి శాఖను లాడ్జి అందురు. నేడు లాడ్జి అనగానే మనకు బస్టాండు దగ్గర అద్దె గదులు గుర్తుకు వచ్చును గాని, ఆ కాలములో అది సభ్యులు కూడుకొను సహోదర మండలి పేరు. సభ్యత్వపు పుస్తకము, చందా, అధ్యక్షుడు, కార్యదర్శి, కూటము జరుగు రోజు, అన్నియు క్రమము ప్రకారము ఉండును. మన మిషనరీలకును వారికిని మధ్య వాగ్వివాదములు తీవ్రముగానే జరిగినవి. 1884లో మద్రాసు క్రిస్టియను కాలేజి పత్రిక వారి నాయకురాలి మీద ప్రకటించిన లేఖలు దేశమంతట గగ్గోలు రేపినవి. అట్టివారి సంగతి క్రైస్తవ సంచికలో ఏల అని కొందరు అడుగవచ్చును. వారి సిద్ధాంతములను గూర్చి మేము వ్రాయుట లేదు. మన ఊరి స్త్రీలు చేసిన పని ఎవరి పంచన మొదలైనను అది మన సీమ చరిత్రయే అని మా అభిప్రాయము.

1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల ప్రారంభమైనది. నేడు మనము బీసెంటు పేరిట బి.టి. కాలేజి అనుచున్నది అదియే. అదే సంవత్సరమున అనేక మిషనులు ఏకమై కట్టిన క్షయ వైద్యశాల ఊరి వెలుపల ఆరోగ్యవరములో తెరువబడినది. మరుసటి యేడు, అనగా 1916లో, ఆ కళాశాలకు జేమ్స్ కజిన్స్ అను ఐరిషు కవి వచ్చి చేరిరి. డబ్లిను నగరములో జరిగిన తిరుగుబాటును మెచ్చుకొని పత్రికలో వ్రాసినందుకు మద్రాసులో ఆయన ఉద్యోగము పోయినది. ఆయనతో వచ్చిన భార్య మార్గరెట్ కజిన్స్. ఈ వ్యాసము ముఖ్యముగా ఆమెను గూర్చియే.

ఆమె 1878లో ఐర్లండులో బోయ్‌ల్ అను చిన్న ఊరిలో జన్మించిరి. సంగీతములో పట్టభద్రురాలు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్ మొదలగువారితో కలిసి ఐరిషు స్త్రీల ఓటుహక్కు సంఘమును స్థాపించిరి. 1910లో లండనులో ఓటుహక్కు కోరు స్త్రీల ఊరేగింపును పోలీసులు చెదరగొట్టగా, మంత్రుల ఇండ్ల కిటికీ అద్దములు పగులగొట్టిన స్త్రీలలో ఈమెయు ఒకరు. అందుకు ఒక నెల హాలోవే చెరసాలలో ఉండిరి. 1913లో మరల ఐర్లండులో చెరసాలకు పోయి నిరాహారముండిరి. ఇట్టి మనిషి మదనపల్లెలో, ఎండాకాలములో నూతులు అడుగంటు ఊరిలో, సంసారము పెట్టెను. మీటరుగేజి రైలు ఉన్నను మదనపల్లె రోడ్డు స్టేషను ఊరికి చాల దూరము. కలకడ, గుఱ్ఱంకొండ వంటి ఊళ్ల నుండి వచ్చువారికి ఎద్దుబండియో, కాళ్లో గతి.

అక్కడ ఆమె ఊరి గృహిణులను పోగుచేసి ఒక సమాజము నడిపిరి. దాని పేరు అబలాభివర్ధినీ సమాజము. ఈ పేరు చూచి మాకు నవ్వు వచ్చును. మంత్రుల అద్దములు పగులగొట్టి రెండు దేశముల చెరసాలలు చూచిన స్త్రీ నడిపిన సంఘమునకు అబలల పేరా! కాని ఆ కాలపు తెలుగులో స్త్రీకి అది మర్యాద పదమే. భండారు అచ్చమాంబగారు కూడ విదుషీమణుల చరిత్రలు వ్రాసి ఆ గ్రంథమునకు అబలా సచ్చరిత్ర రత్నమాల అని పేరు పెట్టిరి. పేరులో బలము లేకున్నను పనిలో ఉండెను. ఇల్లు దాటి బయటికి రాని స్త్రీ వారమునకొకసారి వీధి దాటి, తన కులము కాని, తన ఇంటివారు కాని మరియొక స్త్రీ ప్రక్కన కూర్చుండుట ఆనాడు చిన్న సంగతి కాదు. కూటములో ఏమి మాట్లాడుకొన్నారు అనునది తరువాతి మాట.

ఈ సమాజమును చూచియే, ఇట్టివి ఊరూరను ఏల ఉండరాదు అను ఆలోచన పుట్టినది. 1917 మే 8న అడయారులో భారత స్త్రీల సంఘము స్థాపింపబడెను. అనీబీసెంటు అధ్యక్షురాలు, డొరతీ జినరాజదాస, మార్గరెట్ కజిన్స్ మొదలగువారు కార్యదర్శులు. మదనపల్లె సమాజము దాని తొలి శాఖలలో ఒకటైనది. అయిదేండ్లలో 43 శాఖలు, 20 కేంద్రములు, 2,300 మంది సభ్యులు ఏర్పడిరి. ఏ జాతి వారైనను, ఏ మతము వారైనను చేరవచ్చునని నియమము. ఒక్కొక్క శాఖ తన పని తానే నిర్ణయించుకొనవచ్చును. అడయారు నుండి ఆజ్ఞలు రావు. మతము, విద్య, రాజకీయము, పరోపకారము అను నాలుగు రంగములలో ఏదో ఒక పని చేయవలెనని మాత్రమే కోరిక. పెద్ద వయసు స్త్రీలకు చదువు చెప్పుట, కుట్టుపని, ప్రథమ చికిత్స నేర్పుట శాఖల నిత్యకృత్యములు. జీతములు లేవు. పిల్లవాడిని చంకనెత్తుకొని వచ్చి అక్షరములు దిద్దించిన స్త్రీలే ఆ సంఘపు ఉద్యోగులు.

1918 నుండి స్త్రీధర్మ అను పత్రిక వెలువడెను. ఎక్కువ భాగము ఇంగ్లీషు, కొన్ని పుటలు దేశభాషలలో. మమ్మును ఆకర్షించునది అందలి పెద్ద వ్యాసములు కావు, శాఖల వార్తలు. ఫలాని ఊరి శాఖ ఎన్ని కూటములు జరుపుకొన్నది, ఎవరు ఉపన్యసించిరి, తరగతి ఎట్లున్నది, ఎవరు క్రొత్తగా చేరిరి, ఇట్టి చిన్న సంగతులు. ఒక ఊరి స్త్రీలు చేసిన పని మరియొక ఊరి స్త్రీలకు తెలియుటకు అంతకుముందు దారి యేది? పెండ్లి పేరంటములకు పోయినప్పుడు చెప్పుకొనుటయే గదా. మన స్త్రీల మైత్రి కూటపు మినిట్సు పుస్తకములును ఇట్టివే. హాజరు, కానుక, పిడికెడు బియ్యము అమ్మగా వచ్చిన రూకలు, పరామర్శించిన ఇండ్లు, బదిలీ అయిపోయిన టీచరమ్మకు వీడ్కోలు, మార్చి మొదటి శుక్రవారమున లోక ప్రార్థనా దినము. చదువుటకు విసుగుగా ఉండును. కాని కరువు సంవత్సరములలో ఒక గ్రామ సంఘము ఎట్లు బ్రదికినదో తెలిసికొనవలెనన్న వీటికి మించిన సాక్ష్యము లేదు.

కుట్టుపనితో మొదలైనది కుట్టుపనితో ఆగలేదు. 1917 డిసెంబరు 18న మద్రాసులో భారత మంత్రి మాంటేగు దొరను సరోజినీ నాయుడుగారి నాయకత్వమున స్త్రీల ప్రతినిధివర్గము కలిసికొనెను. పురుషులకిచ్చు ఓటు హక్కును స్త్రీలకును ఇమ్మని అడిగిరి. ఈ రాయబారమును ఏర్పాటు చేసినది మార్గరెట్ కజిన్స్. 1919 చట్టము ఆ సంగతిని రాష్ట్ర శాసనసభలకే విడిచెను. 1921లో మద్రాసు రాష్ట్రము అందరికంటె ముందు ఆ హక్కునిచ్చెను. ఆస్తి ఉన్నవారికే ఓటు గనుక కూలి చేసికొను మన స్త్రీలకు అది అందలేదను మాటను కూడ చెప్పవలెను. 1926 ఎన్నికలలో కమలాదేవి చట్టోపాధ్యాయగారు కజిన్స్ ప్రోత్సాహముతో నిలిచి కొద్ది ఓట్ల తేడాతో ఓడిరి. తరువాత డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు మద్రాసు శాసనసభలో మొదటి స్త్రీ సభ్యురాలైరి. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదటిసారి కూడుటకును మార్గరెట్ కజిన్స్ వ్రాసిన ఉత్తరములే కారణము. బాల్యవివాహములను అడ్డగించు 1929 నాటి శారదా చట్టమునకు ఈ స్త్రీల సంఘములన్నియు పాటుపడినవి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగోరుగారు మదనపల్లె కళాశాలలో బస చేసినప్పుడు జనగణమన బాణీని స్వరబద్ధము చేసినదియు ఈమెయే. ఊరివారికి ఆ సంగతి ఒక్కటే జ్ఞాపకమున్నది, సమాజము సంగతి జ్ఞాపకము లేదు. ఆమె 1954లో మరణించిరి.

మరి న్యూయార్కులోని స్త్రీల బోర్డు ఏమైనది? 1946లో అది సంఘపు సాధారణ విదేశ మిషను బోర్డులో కలిసిపోయినది. ఆ మరుసటి యేట 1947 సెప్టెంబరు 27న మన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఐక్యత మంచిదే. అయితే స్త్రీలు తామే కూర్చి తామే ఖర్చుపెట్టిన ఖజానా ఉమ్మడి పెట్టెలో పడినప్పుడు, ఆ పెట్టె తాళపుచెవి ఎవరి దగ్గర ఉండునన్నది ప్రశ్న. మన పాస్టరేటులలోను ఇదే ప్రశ్న ఉన్నది. స్త్రీల మైత్రి కూర్చిన కానుకను ఏ పనికి వినియోగించవలెనో నిర్ణయించు కమిటీలో ఎందరు స్త్రీలు కూర్చున్నారో మీ మీ సంఘములలో లెక్కించుకొనుడు. 2013లో మన తెలుగు ఆడబడుచు పుష్పలలితగారు నంద్యాల బిషపుగా అభిషేకింపబడి, సి.ఎస్.ఐ.లో మొదటి స్త్రీ బిషపు అయిరి. బిషపు పీఠము మీద స్త్రీ కూర్చున్న తరువాత కూడ గ్రామ సంఘపు కమిటీ బల్ల చుట్టు కుర్చీలు పురుషులవే అయినచో అది మాకు వింతగా తోచును.

నేడు కలకడ మండలములో ఏ పల్లెకు పోయినను డ్వాక్రా గ్రూపులు కనబడును. పొదుపు పుస్తకము, తీర్మానముల పుస్తకము, లీడరు, నెలనెల కూటము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణముల మీద తిరుగబడినప్పుడును, 1993 అక్టోబరు 1న సారాయి నిషేధము వచ్చినప్పుడును, చదువు తరగతిలో కూడుకొన్న స్త్రీల బలము రాష్ట్రమంతట తెలిసినది. మన మైత్రి సభ్యులు అనేకులు ఆ గ్రూపులలో కూడ ఉన్నారు. పుస్తకము వ్రాయు అలవాటు కొందరికి మైత్రి కూటములోనే పట్టుబడినది.

చివరిగా ఒక మనవి. పాత మినిట్సు పుస్తకములలో సభ్యురాండ్ర పేర్లు తరచుగా ఉపదేశిగారి భార్య, కాంపౌండరుగారి భార్య, ఫలానివారి తల్లి అని యుండును. సొంత పేరు ఉండదు. ఆ పేర్లు తెలిసిన ముసలమ్మలు ఇంకను కొందరు బ్రదికియున్నారు. కలకడ, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఎవరి యింటి ట్రంకుపెట్టెలోనైనను అట్టి పుస్తకములున్నచో చెదలు పట్టకముందు పాస్టరేటు ఆఫీసుకు తెచ్చియిండు. నకలు తీసికొని అసలు మీకే తిరిగి ఇచ్చెదము. ముసలమ్మను కూడ వెంటబెట్టుకొని వచ్చినచో మరియు మంచిది. ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క పేరు వ్రాసికొనెదము.