విద్యార్థి ప్రయోగ పత్రిక

జర్నలిజం విద్యార్థులు శిక్షణలో భాగంగా తామే వార్తలు సేకరించి, రాసి, దిద్ది, పేజీలు కూర్చి వెలువరించే పత్రిక. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో ఏర్పడిన జర్నలిజం శాఖ వెలువరించిన ‘ఉస్మానియా కొరియర్’ ఈ కోవలోనిది.

తయారీ: ముందుగా పాఠకులెవరో, పత్రిక పరిధి ఎంతో తేల్చుకుంటారు. తరచుగా దినపత్రిక పేజీలో సగముండే టాబ్లాయిడ్ సైజును ఎంచుకుంటారు. పేజీ నమూనా (డమ్మీ) గీసి పతాక శీర్షికకు, ఫొటోలకు, ప్రకటనలకు చోటు కేటాయించాకే పేజీ పెడతారు.

స్థానికత: చౌటుప్పల్ (యాదాద్రి భువనగిరి జిల్లా) వంటి చోట 65వ నంబరు జాతీయ రహదారి, కొయ్యలగూడెం చేనేత, భూగర్భ జలాలు సహజమైన వార్తాంశాలు. ఈ ప్రాంతానికి పత్రికా వారసత్వమూ ఉంది: 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు పొరుగునున్న నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రికను ప్రారంభించారు. 1989లో ‘ఈనాడు’ తెచ్చిన జిల్లా అనుబంధాలు ఊరి వార్తకు రోజూ చోటు కల్పించాయి.