కొండచరియ పడితే కొండకు దారేది?

2021 నవంబరు 29 తెల్లవారుజామున వెల్లూరుకు పడమటగా, మన చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు చేరువలో, 3.6 తీవ్రతతో భూమి కంపించింది. రెండు రోజులకే, డిసెంబరు 1న, తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీదికి పెద్ద పెద్ద బండరాళ్లు దొర్లుకుంటూ వచ్చాయి. రెండింటికీ ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అంత దూరంలో పుట్టిన అంత చిన్న ప్రకంపన తిరుమల ఉన్న శేషాచలం కొండల బండల్ని కదిలించేంతటిది కాదు. నవంబరంతా కురిసిన వానలే అందుకు కారణం.

కారణం ఏదైనా, కొండ మీద డ్యూటీకి పోవాల్సిన మనిషికి ఎదురయ్యే ఇబ్బంది మాత్రం ఒకటే. కాలికింది నేల మీద నమ్మకం పోయినప్పుడు, దారి బాగానే ఉందని ఎవరో ఒకరు చూసి చెప్పేదాకా బండి కదలదు. 2011 మార్చి 11న జపాన్‌లో మహాభూకంపం వచ్చినప్పుడు టోక్యో నగరం కూలిపోలేదు. అయినా రైళ్లన్నీ ఆగిపోయాయి. పట్టాలు, వంతెనలు తనిఖీ చేసేదాకా నడపలేదు. ఆ సాయంత్రం టోక్యో, దాని చుట్టుపక్కల యాభై లక్షల మందికి పైగా ఇళ్లకు చేరే దారి లేక చిక్కుకుపోయారని అక్కడి ప్రభుత్వం తర్వాత అంచనా వేసింది. తిరుపతిలో మెట్రో లేదు, లోకల్ రైలు లేదు. ఈ ఊరికి ఊపిరిలాంటి రవాణా ఏదంటే కొండ కింది అలిపిరి నుంచి తిరుమలకు పోయే బస్సే. అందుకే ఈ ఊళ్లో రాకపోకల అంతరాయాల చరిత్ర అంటే, చాలావరకు ఆ కొండదారి చరిత్రే.

1944కు ముందు కొండకు రోడ్డు లేదు. అలిపిరి మెట్లదారి ఒకటి, చంద్రగిరి వైపు నుంచి శ్రీవారి మెట్టు ఒకటి. నడవలేనివాళ్లను డోలీల్లో మోసేవాళ్లు. కొండ మీది కొలువులకు పోయేవాళ్లు, సరుకులు చేరవేసేవాళ్లు అందరికీ మెట్లే గతి. ఆ కాలంలో రాయి పడితే పక్కనుంచి తప్పుకుని పోవచ్చు. చక్రం వచ్చాకే దారి మూతపడడమన్నది మొదలైంది.

1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ మొదటి ఘాట్ రోడ్డును ప్రారంభించారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. తొలినాళ్లలో బస్సులు నడిపింది తిరుమల తిరుపతి దేవస్థానమే. మూడు దశాబ్దాల పాటు ఎక్కే బండికీ దిగే బండికీ ఆ ఒక్క రోడ్డే దిక్కు. 1970ల నడిమికి రెండో ఘాట్ రోడ్డు సిద్ధమైంది. అప్పటినుంచి కొత్తదాని మీద ఎక్కడం, పాతదాని మీద దిగడం. మలుపుల దగ్గర ఎదురెదురు బండ్ల భయం తగ్గించడానికి, రద్దీ తట్టుకోవడానికి చేసిన ఏర్పాటది. ఒక దారి తెగినప్పుడు ఇంకోటి ఆదుకుంటుందన్న ఆలోచన అందులో పెద్దగా ఉన్నట్టు కనబడదు. కానీ దాని అసలు విలువ తేలింది అక్కడే.

రాళ్లు ఎందుకు పడతాయో తెలియాలంటే కొండను దగ్గరగా చూడాలి. ఘాట్ రోడ్డు పక్కనే భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించిన ఒక చోటుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. కింద అతి పురాతనమైన గ్రానైటు, దాని మీద నేరుగా కూర్చున్న క్వార్ట్‌జైట్ పొరలు. రెండింటి వయసులకూ మధ్య కోట్ల సంవత్సరాల తేడా. పైనున్న ఈ క్వార్ట్‌జైట్ చాలా గట్టి రాయి, సుత్తితో కొడితే ఖంగుమంటుంది. కానీ అది ఏకశిల కాదు. నిలువునా అడ్డంగా బీటలు వారి, పేర్చిపెట్టిన దిమ్మెల్లా ఉంటుంది. ఆ సందుల్లో మట్టి ఉంటుంది, చెట్ల వేళ్లు దిగుతాయి. వాన పట్టుకుంటే నీళ్లు ఆ మట్టిని కడిగేస్తాయి, సందులో నిలిచిన నీటి ఒత్తిడి దిమ్మెను బయటికి నెడుతుంది. రోడ్డు కోసం కొండను నిలువుగా కోసిన చోట ఆ దిమ్మెకు ముందువైపు ఆసరా ఉండదు. వాన వెలిసిన తర్వాత కూడా రాళ్లు పడడానికి కారణం ఇదే. 2015 నవంబరు వానల్లో, 2020లో నివర్ తుఫానులో ఇదే జరిగింది. పడిన రాళ్లు తీసేవాళ్లు, రోడ్డు తెరిచేవాళ్లు, మళ్లీ బస్సులు నడిచేవి.

కొండ కింద రైలుదారిది ఇంకో కథ. మద్రాసు–బొంబాయి లైను రేణిగుంట మీదుగా కడప జిల్లాలోకి పోతుంది. 1902 సెప్టెంబరులో మంగపట్నం దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి, మెయిలు రైలు వాగులో పడింది. పదుల సంఖ్యలో జనం చనిపోయారు. నూట పందొమ్మిదేళ్ల తర్వాత, 2021 నవంబరు 19న, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నందలూరు దగ్గర అదే లైను కింద కట్ట కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ వరదలోనే ఆర్టీసీ బస్సులు చిక్కుకుని ప్రాణాలు పోయాయి. అదే వారంలో నెల్లూరు దగ్గర పడుగుపాడులోనూ రైలుకట్ట తెగింది. తిరుపతి చుట్టూ ఉన్న రెండు పెద్ద రైలుదారులూ ఒకేసారి మూగబోయాయి.

ఆ నవంబరు 18న తిరుపతి ఊళ్లో ఏం జరిగిందో ఇక్కడివాళ్లు మరిచిపోలేరు. కపిలతీర్థం జలపాతం ఎర్రటి బురదనీళ్లతో విరుచుకుపడింది. రేణిగుంటకు రావాల్సిన విమానాలు కొన్ని వెనక్కి మళ్లాయి. రెండు ఘాట్ రోడ్లూ, రెండు మెట్లదారులూ మూసేశారు. కింది కాలనీలు మునిగాయి. అంతకు నెల ముందే వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నిలిచిన వాననీటిలో వాహనం మునిగి ఒక యువతి ప్రాణం పోయింది. ఆ హెచ్చరిక చాలలేదు.

డిసెంబరు 1 మాత్రం వేరే రకం దెబ్బ. వాన తగ్గింది, ఘాట్ రోడ్లు తెరిచారు, జనం ఊపిరి పీల్చుకున్నారు. తెల్లవారుజామున ఎక్కే రోడ్డు పైభాగంలో బండలు విరిగిపడి రోడ్డే కొన్నిచోట్ల తెగిపోయింది, పిట్టగోడలు నుజ్జయ్యాయి. ఆ దారిన పోతున్న బస్సు ఒకటి కొద్దిలో తప్పించుకుంది. దాంతో ఎక్కే బండ్లు, దిగే బండ్లు మళ్లీ 1944 నాటి రోడ్డు మీదికే వచ్చాయి. ఒక విడత ఎక్కనిచ్చి, ఒక విడత దిగనిచ్చారు. అలిపిరి దగ్గర బండ్లు బారులు తీరాయి. ఢిల్లీ ఐఐటీ నిపుణులు వచ్చి కొండచరియలు పరిశీలించారు. తర్వాత ఎక్కే రోడ్డులో సగం దూరం పోయి, రెండు రోడ్లనూ కలిపే లింకు రోడ్డు మీదుగా మోకాళ్లమిట్ట దగ్గర పాత రోడ్డెక్కి పైకి చేరే ఏర్పాటు చేశారు. ఆ చిన్న లింకు రోడ్డే లేకపోతే, కింద బాగున్న కిలోమీటర్లన్నీ ఎందుకూ కొరగాకుండా పోయేవి.

భక్తుల కష్టం గురించి పత్రికలు విరివిగానే రాశాయి. వాళ్ల దర్శనం టికెట్ల తేదీ మార్చుకునే వీలు దేవస్థానం కల్పించింది, అది మంచి పని. కానీ రోజూ కింది నుంచి పైకి పోయే జనం వేలల్లో ఉన్నారు: కల్యాణకట్ట క్షురకులు, పారిశుద్ధ్య కార్మికులు, అన్నదానం వంటవాళ్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, క్యూలైన్ల సిబ్బంది, ఆర్టీసీ డ్రైవర్లు. వీళ్లలో చాలామందికి తిరుపతిలోనో, చుట్టుపక్కల పల్లెల్లోనో ఇల్లు. తెల్లవారుజామున షిఫ్టు ఉంటే అంతకు ముందే అలిపిరి దాటాలి. దర్శనానికి తేదీ మారుతుంది, డ్యూటీకి మారదు. కాంట్రాక్టు మీద పనిచేసేవాడికి పోయిన రోజు పోయినట్టే. దారి తెగిన రోజు మొదటి విడతలో ఎవరి బండి ఎక్కాలి అన్న ప్రశ్నకు వీళ్ల పేరు ముందు రావాలి. పైనున్న వేలాదిమందికి అన్నం వండేదీ, నీళ్లందించేదీ వీళ్లే కదా. ఘాట్ రోడ్డు మూసినట్టు ప్రకటన వచ్చినప్పుడల్లా, సిబ్బంది బస్సు ఎన్నింటికి, ఏ దారిన పోతుందో అదే ప్రకటనలో ఉండాలి.

ఆ డిసెంబరులోనే దేవస్థానం పాలకమండలి మూడో దారి మాట ఎత్తింది. మామండూరు వైపు నుంచి కొండకు చేరే అన్నమయ్య మార్గాన్ని అభివృద్ధి చేయాలన్నది ఆలోచన. తాళ్లపాక అన్నమయ్య నడిచాడని చెప్పే దారి కాబట్టి జనానికి దాని మీద మక్కువ ఉంది. కానీ అది శేషాచలం జీవావరణ పరిరక్షణ మండలంలోని అడవి. ఎర్రచందనం ఉన్న నేల, చిరుతలు తిరిగే నేల. పైగా అక్కడున్నదీ అదే బీటల క్వార్ట్‌జైట్. కొత్తగా ఎక్కడ కోసినా అక్కడ మరో పచ్చి గోడ తయారవుతుంది, వానకు అదీ రాళ్లు రాలుస్తుంది. నడకదారిగా ఉంచితే చాలు. ఖర్చు పెట్టదలిస్తే ఉన్న చరియలకు ఇనుపవల, రాతిలోకి దిగే బోల్టులు, బీటల్లో నీళ్లు బయటికి పోయే కాలువలు ముందు కావాలి. లింకు రోడ్డులాంటివి ఇంకొకటో రెండో ఎక్కడ సాధ్యమో చూడాలి. రోడ్డు తెగిన చోటికి అటూ ఇటూ బస్సులు నిలిపి, మధ్యలో కొద్ది దూరం నడిపించే పద్ధతికైనా ముందే తర్ఫీదు ఉండాలి.

ఎక్కే రోడ్డు మరమ్మతు ముగిసి 2022 జనవరిలో తెరుచుకుంది. నవంబరులో మూసిన శ్రీవారి మెట్టు దారి తెరవడానికి మాత్రం మే 5 దాకా పట్టింది. అదే ఏడాది సెప్టెంబరు 27న ఘాట్ రోడ్డు మీద విద్యుత్ బస్సులు మొదలయ్యాయి.