పన్ను తగ్గింపు – పదేళ్ల ఒప్పందం: కాలిఫోర్నియా విలియంసన్ చట్ట చరిత్ర

నేడు తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో నివసిస్తున్న కుపర్టినో, సన్నీవేల్ పట్టణాల నేల రెండవ ప్రపంచయుద్ధం నాటికి ప్రూన్, ఆప్రికాట్ తోటలతో నిండి ఉండేది. సిలికాన్ వ్యాలీగా పేరొందకముందు ఈ శాంటాక్లారా లోయ పండ్లతోటలకే ప్రసిద్ధి. యుద్ధానంతరం పట్టణాలు విస్తరించే కొద్దీ ఆ తోటలు తరిగిపోయాయి. రైతు భూమిని అమ్మదలచకపోయినా, పక్క పొలం ఇళ్లస్థలాలుగా అమ్ముడుపోతే ఆ ధరను బట్టే అతని పొలానికీ విలువ కట్టే పరిస్థితి ఏర్పడింది. పంటపై రాబడి పెరగకుండానే ఆస్తిపన్ను పెరిగింది. తోటలు అంతరించడంలో బిల్డర్ల ఆశకు ఎంత పాత్ర ఉందో ఈ పన్ను మదింపు పద్ధతికీ అంత పాత్ర ఉంది.

సాగుభూమికి దాని వినియోగాన్ని బట్టి విలువ కట్టాలన్న చట్టాన్ని అమెరికాలో మొదట 1956లో మేరీలాండ్ రాష్ట్రం చేసింది. కాలిఫోర్నియా ఆ తగ్గింపునకు ఒక షరతును జోడించింది. కెర్న్ కౌంటీకి చెందిన శాసనసభ్యుడు జాన్ విలియంసన్ పేరుతో వ్యవహరించే 1965 నాటి భూసంరక్షణ చట్టం ప్రకారం, భూయజమాని కౌంటీతో గాని నగరంతో గాని పదేళ్ల ఒప్పందం చేసుకొని, భూమిని సాగుకో పశువుల మేతకో బయలుగానో ఉంచాలి. ఒప్పందం ఏటా తనంతట తానే మరో ఏడాది పొడిగింపబడుతుంది. వద్దనుకున్నవారు నోటీసు ఇచ్చి తొమ్మిదేళ్లు వేచి ఉండాలి. ఆ కాలంలో పన్ను క్రమంగా పెరుగుతుంది. వెంటనే రద్దు కోరితే ప్రభుత్వ అనుమతితోపాటు మార్కెట్ విలువలో 12.5 శాతం రుసుము చెల్లించాలి. భూములన్నింటికీ ఒకే ప్రమాణంతో విలువ కట్టాలన్న నియమం రాష్ట్ర రాజ్యాంగంలో ఉన్నందున, 1966లో ప్రజల ఓటుతో దానిని సవరించవలసి వచ్చింది.

రాయలసీమ శాసనాలలోని దశబంధ మాన్యం ఇక్కడ గుర్తుకు రాక మానదు. చెరువు తవ్వించి కాపాడేవారికి శిస్తులో కొంత భాగం వదిలిపెట్టే ఏర్పాటు అది. రెండింటికీ చారిత్రక సంబంధం లేదు. రాబడి వదులుకోవడం, బదులుగా బాధ్యత అప్పగించడం అన్న సూత్రమొక్కటే సమానం.

ఈ చట్టం కిందికి సుమారు 1.6 కోట్ల ఎకరాలు వచ్చాయి. విస్తీర్ణం ఘనమే. అయితే అందులో పెద్దభాగం నగరాలకు దూరంగా ఉన్న పచ్చికబయళ్లు. ఇళ్లస్థలాల ధర పలికే నగరపు అంచున రైతుకు పదేళ్లు కట్టుబడవలసిన అవసరం తక్కువ. ఆపద ఎక్కువగా ఉన్నచోటే చట్టం బలహీనపడింది. 1978లో ఆమోదం పొందిన 13వ ప్రతిపాదన ఆస్తిపన్నును ఒక శాతానికి, విలువ పెరుగుదలను ఏటా రెండు శాతానికి పరిమితం చేయడంతో, పాత యజమానులకు ఒప్పందం వల్ల కలిగే లాభం మరింత తగ్గింది. 1981లో హేవర్డ్ నగరంపై సియెర్రా క్లబ్ వేసిన దావాలో, రద్దు అసాధారణ పరిస్థితులకే పరిమితమని రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వెంటనే శాసనసభ సులువైన రద్దుకు తాత్కాలికంగా దారి తెరిచింది. తీర్పు మూసిన తలుపును చట్టసభే తీయడం ఈ చరిత్రలో గమనింపదగిన ఘట్టం.

అసలు చిక్కు మరొకటి. తగ్గించిన పన్ను కౌంటీల రాబడి. ఆ లోటును కొంతవరకు పూడ్చేందుకు 1971 నాటి చట్టంతో రాష్ట్రం సహాయనిధి ఏర్పరచింది. 2009 ఆర్థిక సంక్షోభంలో, ఏటా 3.5 కోట్ల డాలర్లకు పైబడి ఉన్న ఆ నిధిని గవర్నర్ ష్వార్జ్‌నెగర్ వెయ్యి డాలర్లకు కుదించాడు. పద్దు చెరిగిపోకుండా ఉంచిన నామమాత్రపు మొత్తమది. మరుసటి ఏడాది ఇంపీరియల్ కౌంటీ తన ఒప్పందాలను ఇకపై పొడిగించరాదని నిర్ణయించింది. తరువాత శాసనసభ చేసిన సర్దుబాటు ప్రకారం కౌంటీలు కోరుకుంటే ఒప్పందాన్ని పదేళ్ల నుండి తొమ్మిదేళ్లకు తగ్గించి, రైతుకు లభించే మినహాయింపులో పదవ వంతును తిరిగి రాబట్టుకోవచ్చు.