కంపెనీ చేతులు మారితే హార్డ్ డిస్క్ నాణ్యత మారుతుందా? – ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– హార్డ్ డిస్క్ పరిశ్రమలో జరిగిన ముఖ్యమైన కంపెనీ కొనుగోళ్లను కాలక్రమంలో చెప్పగలుగుతారు.
– కొనుగోలుకూ నాణ్యతకూ సంబంధం ఉందనే వాదాన్ని ఆధారాలతో పరీక్షించగలుగుతారు.
– బ్రాండు, మోడలు, కర్మాగారం అనే మూడింటి మధ్య తేడాను వివరించగలుగుతారు.

1. పరిచయం

మీ ప్రాజెక్టు రిపోర్టు, ఇంట్లో పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు ఈరోజు చాలావరకు ఏదో ఒక హార్డ్ డిస్క్ మీదే ఉంటాయి. అది పాడైతే కొత్త డిస్క్ దొరుకుతుంది కాని, అందులోని సమాచారం దొరకదు. అందుకే కొనేటప్పుడు మనం బ్రాండు పేరు అడుగుతాం. అప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: "ఆ కంపెనీని వేరేవాళ్లు కొనేశారు, ఇప్పుడు ఆ డిస్కులు మునుపటిలా లేవు."

ఈ మాట నిజమా? ఇది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది కాని, నిజానికి చరిత్ర ప్రశ్న. 'మునుపు', 'తరువాత' అనే రెండు కాలాలను పోల్చి, రెండో దానికి మొదటిదే కారణమని ఈ మాట చెబుతోంది. కారణాన్ని నిర్ధారించడానికి చరిత్రకారుడు ఏ పద్ధతి పాటిస్తాడో, ఇక్కడ మనమూ అదే పాటించాలి.

2. రెండు వందల కంపెనీల నుంచి మూడింటికి

1956లో ఐబీఎం సంస్థ తన రామాక్ కంప్యూటర్‌తో పాటు మొదటి హార్డ్ డిస్క్‌ను ప్రవేశపెట్టింది. 24 అంగుళాల వ్యాసం ఉన్న 50 పలకల మీద అది సుమారు 50 లక్షల అక్షరాలను దాచగలిగేది. 1979లో స్థాపితమైన సీగేట్, మరుసటి ఏడాది 5 మెగాబైట్ల చిన్న డిస్క్‌ను తెచ్చింది. వ్యక్తిగత కంప్యూటర్లు పెరిగేకొద్దీ డిస్కుల తయారీదారులూ పెరిగారు. ఈ పరిశ్రమ చరిత్ర మొత్తంలో రెండు వందలకు పైగా కంపెనీలు ఈ పని చేశాయి. ఇప్పుడు మిగిలినవి మూడే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా.

మిగిలినవాటిలో కొన్ని మూతపడ్డాయి, కొన్ని అమ్ముడుపోయాయి. ముఖ్యమైన కొనుగోళ్లు ఇవి:

1990 – మినీస్క్రైబ్‌ను మ్యాక్స్‌టర్ కొన్నది.
1996 – కానర్ పెరిఫెరల్స్‌ను సీగేట్ కొన్నది.
2001 – క్వాంటమ్ వారి హార్డ్ డిస్క్ విభాగం మ్యాక్స్‌టర్‌లో కలిసింది.
2003 – ఐబీఎం డిస్క్ విభాగం హిటాచీ చేతికి వెళ్లింది.
2006 – మ్యాక్స్‌టర్‌ను సీగేట్ కొన్నది.
2009 – ఫుజిత్సు డిస్క్ వ్యాపారం తోషిబాకు చేరింది.
2011 – శామ్‌సంగ్ డిస్క్ వ్యాపారాన్ని సీగేట్ కొన్నది.
2012 – హిటాచీ డిస్క్ సంస్థను వెస్టర్న్ డిజిటల్ కొన్నది.

ఈ పట్టికను గమనించండి. కొన్నవాళ్లే తరువాత అమ్ముడుపోయారు. మినీస్క్రైబ్‌నూ క్వాంటమ్‌నూ కలుపుకున్న మ్యాక్స్‌టర్, చివరికి తానే సీగేట్‌లో కలిసిపోయింది.

3. ఏది ముందు, ఏది తరువాత?

కొనుగోలు వల్ల నాణ్యత పడిపోయిందని చెప్పాలంటే, ముందు కొనుగోలు జరిగి ఉండాలి, తరువాత నాణ్యత పడిపోయి ఉండాలి. ఐబీఎం ఉదాహరణ దీనికి ఎదురు నడిచింది. 2000లో ఐబీఎం విడుదల చేసిన డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ డిస్కులు పెద్ద సంఖ్యలో పాడయ్యాయి. వినియోగదారులు ఆ పేరును 'డెత్‌స్టార్' అని మార్చి ఎగతాళి చేశారు. 2001లో అమెరికాలో ఆ డిస్కులపై సామూహిక దావా కూడా పడింది. ఐబీఎం తన డిస్క్ విభాగాన్ని సుమారు 205 కోట్ల డాలర్లకు హిటాచీకి అమ్మడానికి ఒప్పుకున్నది ఆ తరువాత, 2002లో. అంటే తెగులు ముందు, అమ్మకం తరువాత.

మినీస్క్రైబ్ కథ ఇంకా విచిత్రం. లెక్కల్లో లోటు కప్పిపుచ్చడానికి ఆ కంపెనీ 1987లో డిస్కులకు బదులు ఇటుకలను పెట్టెల్లో సర్ది సరుకుగా చూపించింది. మోసం బయటపడి, దివాలా తీసిన తరువాతే మ్యాక్స్‌టర్ దాన్ని కొన్నది.

దీన్నిబట్టి మనకు తెలిసేది ఏమిటి? చక్కగా నడుస్తున్న కంపెనీలే కాదు, ఇబ్బందుల్లో పడ్డ కంపెనీలు కూడా అమ్మకానికి వస్తాయి. ఇబ్బంది వల్ల అమ్మకం జరిగిన చోట, అమ్మకం వల్ల ఇబ్బంది వచ్చిందని మనం పొరపడవచ్చు.

4. పేరు ఒకటి, లోపలి వస్తువు ఒకటి

2009 జనవరిలో సీగేట్ బరాకుడా 7200.11 డిస్కుల్లో ఒక లోపం బయటపడింది. డిస్క్‌ను లోపలినుంచి నడిపించే ప్రోగ్రాంను ఫర్మ్‌వేర్ అంటారు. ఆ ఫర్మ్‌వేర్‌లోని దోషం వల్ల కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు కొన్ని డిస్కులు అసలు స్పందించేవి కావు. సమాచారం పలకల మీద అలాగే ఉన్నా, దాన్ని చేరే దారి మూసుకుపోయేది. సీగేట్ కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసింది.

మ్యాక్స్‌టర్‌ను కొన్న మూడేళ్లలోపే ఇది జరగడంతో 'మ్యాక్స్‌టర్ కలిసినందువల్లే' అని అనుకోవడం తేలిక. కాని లోపం ఉన్న డిస్కుల జాబితాలో మ్యాక్స్‌టర్ పేరుతో అమ్మిన డైమండ్‌మ్యాక్స్ 22 కూడా ఉంది. అది పేరుకే మ్యాక్స్‌టర్, లోపల సీగేట్ రూపొందించిన డిస్కే. అంటే ఇక్కడ మ్యాక్స్‌టర్ లోపం సీగేట్‌కు అంటలేదు. సీగేట్ లోపమే మ్యాక్స్‌టర్ పేరుతో కూడా బయటికి వెళ్లింది.

పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెత మీకు తెలుసు. కొనుగోలు తరువాత పాత పేరు కొన్నేళ్లు అలాగే ఉండవచ్చు, లోపలి వస్తువు మారిపోవచ్చు. లేదా పేరు పోయి వస్తువు కొనసాగవచ్చు. హిటాచీ డిస్క్ సంస్థ పేరు ఇప్పుడు కొత్త డిస్కుల మీద కనిపించదు. కాని అల్ట్రాస్టార్ అనే దాని శ్రేణి వెస్టర్న్ డిజిటల్ పేరు కింద కొనసాగింది. ఐరోపా కమిషన్ పెట్టిన షరతు వల్ల, 3.5 అంగుళాల డిస్కులు తయారుచేసే యంత్ర సామగ్రిలో కొంత 2012లో తోషిబాకు వెళ్లింది. ఒక చెట్టు కొమ్మలు రెండు వేర్వేరు బ్రాండుల కింద చిగురించాయన్నమాట.

5. అంకెలు ఏమి చెబుతున్నాయి?

చాలాకాలం పాటు కొనుగోలుదారుకు దొరికిన లెక్క తయారీదారు ఇచ్చినదే. సగటున పది లక్షల గంటలకు ఒక వైఫల్యం అని కంపెనీ రాస్తే, ఏడాదికి నూటికి ఒక డిస్క్ కన్నా తక్కువ, అంటే 0.88 శాతం పాడవుతుందని అర్థం. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు లక్ష డిస్కుల రికార్డులు పరిశీలించారు. ఏటా 2 నుంచి 4 శాతం డిస్కులను మార్చడం మామూలేననీ, కొన్నిచోట్ల అది 13 శాతం దాకా ఉందనీ తేల్చారు. అదే ఏడాది గూగుల్ కూడా ఇలాంటి అధ్యయనం ప్రచురించింది. వైఫల్యానికి మోడలు, తయారీదారు, తయారైన కాలంతో గట్టి సంబంధం ఉందని చెప్పింది కాని, కంపెనీల పేర్లు బయటపెట్టలేదు.

పేర్లతో సహా లెక్కలు బయటపెట్టింది బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికన్ నిల్వ సేవా సంస్థ. 2014 జనవరిలో అది ప్రకటించిన అంకెల్లో హిటాచీ 3 టెరాబైట్ల డిస్కుల వార్షిక వైఫల్యం 1 శాతం లోపు. సీగేట్ డిస్కుల్లో 1.5 టెరాబైట్ల ఒక మోడలుకు సుమారు 25 శాతం, 3 టెరాబైట్ల మోడలుకు 10 శాతానికి దగ్గర, 4 టెరాబైట్ల మోడలుకు 4 శాతం లోపు.

ఈ అంకెలను రెండు విధాలుగా చదవండి. మొదటిది, ఒకే కంపెనీ, ఒకే పేరు అయినా మోడలును బట్టి వైఫల్యం ఆరు రెట్లకు పైగా మారింది. రెండోది, అప్పటికి హిటాచీ డిస్క్ సంస్థ యజమాని వెస్టర్న్ డిజిటల్. అయితే చైనా పోటీ నియంత్రణ అధికారుల షరతు వల్ల 2015 వరకు ఆ రెండింటినీ కలపడానికి వీల్లేకపోయింది. యజమాని మారినా రూపకర్తలూ కర్మాగారాలూ విడిగానే ఉన్నాయి. కాబట్టి 'కొన్నారా లేదా' అన్నదానికన్నా 'కొన్న తరువాత దేన్ని కలిపారు, దేన్ని మూశారు' అన్నదే అసలు ప్రశ్న.

6. కాకతాళీయం

కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకి వల్లే రాలిందనుకోవడం సహజం. 2011 చివరి నెలలు అలాంటివి. అక్టోబరులో థాయ్‌లాండ్ వరదల్లో వెస్టర్న్ డిజిటల్ కర్మాగారాలు మునిగాయి. డిస్కుల కొరత ఏర్పడి ధరలు పెరిగాయి. డిసెంబరులో శామ్‌సంగ్ వ్యాపారం సీగేట్‌కు చేరింది. అదే కాలంలో సీగేట్, ఒక్కో పలక మీద ఒక టెరాబైట్ పట్టే కొత్త డిస్కులను మార్కెట్లోకి తెచ్చింది. సంవత్సరాంతానికి సీగేట్, వెస్టర్న్ డిజిటల్ రెండూ కొన్ని డిస్కుల వారంటీ కాలాన్ని తగ్గించాయి. బ్యాక్‌బ్లేజ్ కొరత తట్టుకోవడానికి, దుకాణాల్లో అమ్మే బయటి డిస్కుల పెట్టెలు విప్పి లోపలి డిస్కులను వాడుకుంది.

ఆ కాలపు డిస్కులు ఎక్కువగా పాడైతే, కారణం కొనుగోలా, వరదా, కొత్త డిజైనా, వాడిన తీరా? ఇన్ని మార్పులు ఒకేసారి వచ్చినప్పుడు ఒక్కదాన్నే వేలెత్తి చూపడం చరిత్రకారుడు చేయదగిన పని కాదు.

అలాగని కొనుగోళ్లకు ప్రభావమే లేదని అనుకోకండి. తయారీదారులు తగ్గితే కొనేవాడికి ఎంపిక తగ్గుతుంది. వెస్టర్న్ డిజిటల్ కొన్ని డిస్కుల వారంటీని మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించినప్పుడు, విసిగి వేరే కంపెనీకి వెళ్దామంటే వెళ్లడానికి చోట్లు తక్కువ. డిస్క్ పలకల మీద కన్నా, కొనుగోళ్ల ముద్ర ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

7. సారాంశం

కంపెనీ చేతులు మారినంత మాత్రాన డిస్కులు చెడిపోవు, బాగుపడవు. నాణ్యత మోడలును, తయారైన కాలాన్ని, ఫర్మ్‌వేర్‌ను, కర్మాగారాన్ని బట్టి ఉంటుంది. బ్రాండు పేరు వీటన్నిటి మీద అతికించిన చీటీ మాత్రమే. అందువల్ల డిస్క్ కొనేటప్పుడు పేరుతో ఆగకుండా మోడలు నంబరు, తయారీ తేదీ, వారంటీ చూడండి. 1 శాతం వైఫల్యం ఉన్న డిస్కుల్లో ఆ ఒక్కటీ మీదే కావచ్చు. కాబట్టి ముఖ్యమైన ఫైళ్లకు మరొక డిస్క్ మీద ఒక కాపీ, మరొక చోట ఇంకొక కాపీ ఉంచండి. ఏ కంపెనీ ఎవరి చేతికి వెళ్లినా ఈ జాగ్రత్త మీ చేతిలోనే ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఐబీఎం డెస్క్‌స్టార్ ఉదాహరణలో లోపానికీ అమ్మకానికీ మధ్య కాలక్రమాన్ని వివరించండి.
2. డైమండ్‌మ్యాక్స్ 22 ఉదాహరణ బ్రాండు పేరు గురించి ఏమి తెలుపుతుంది?
3. 2011 చివరి నెలల సంఘటనల ఆధారంగా 'కాకతాళీయం' అనే భావనను చర్చించండి.
4. మీ ఊరిలో యాజమాన్యం మారిన ఒక బస్సు సర్వీసునో, మిల్లునో, పాఠశాలనో తీసుకుని, వచ్చిన మార్పులకు యాజమాన్యమే కారణమో కాదో ఈ పాఠంలోని పద్ధతిలో పరిశీలించండి.